పైథాన్ కాల్కులేటర్‌లో 12 + 5 కొడితే 125 వస్తోంది

ప్రశ్న
పైథాన్ 3లో చిన్న కాల్కులేటర్ రాస్తున్నాను. రెండు సంఖ్యలూ, గుర్తూ ఇన్‌పుట్‌తోనే తీసుకుంటున్నా. 12, 5 ఇచ్చి + కొడితే 125 చూపించింది, - కొడితే టైప్ఎర్రర్. సంఖ్యలకు ఇంట్ (పూర్ణసంఖ్యగా మార్చేది) తగిలించాక కూడిక కుదిరింది గానీ, ఇప్పుడు ఏ గుర్తు కొట్టినా కూడుతూనే ఉంది. 12.5 ఇస్తే వాల్యూఎర్రర్. నా ఇఫ్ లైన్ ఇదీ: ఇఫ్ గుర్తు == "+" ఆర్ "ప్లస్":

జవాబు 1
ఇన్‌పుట్ ఎప్పుడూ స్ట్రింగే (అక్షరాల వరుసే, సంఖ్య కాదు) ఇస్తుంది. రెండు స్ట్రింగుల మధ్య + పెడితే అతికిస్తుంది, అందుకే 125. తీసివేత స్ట్రింగులకు లేదు కాబట్టి ఎర్రర్. నిజానికి ఆ ఎర్రరే నయం, 125 అయితే చప్పుడు లేకుండా తప్పు చెబుతోంది.

ఇక ఆ ఇఫ్ లైను. పైథాన్ దాన్ని (గుర్తు == "+") ఆర్ ("ప్లస్") అని చదువుతుంది. ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా నిజం కిందే లెక్క, కాబట్టి షరతు ఎప్పుడూ నిజమే; కింద ఎలిఫ్‌ల దాకా పనే రాదు. ఇఫ్ గుర్తు ఇన్ ("+", "ప్లస్"): అని రాయండి.

జవాబు 2
12.5 కోసం ఇంట్ తీసేసి ఫ్లోట్ (దశాంశ సంఖ్యగా మార్చేది) పెట్టండి. అప్పుడు 17 బదులు 17.0 వస్తుంది, ప్రింట్ చేసేచోట ఎఫ్-స్ట్రింగ్‌లో :జీ ఫార్మాట్ ఇస్తే ఆ .0 పోతుంది.

ఫ్లోట్ ముందూ వెనకా ఖాళీలను పట్టించుకోదు గానీ, == పట్టించుకుంటుంది. "+ " అని స్పేస్ పడితే ఏ ఇఫ్‌కీ తగలదు. గుర్తు తీసుకునే ఇన్‌పుట్ చివర .స్ట్రిప్() తప్పనిసరి. 1,50,000 అని కామాలతో కొట్టినా వాల్యూఎర్రరే, ముందే రీప్లేస్‌తో తీసేయాలి. తమాషా ఏంటంటే ౧౨ అని తెలుగు అంకెలు కొడితే మాత్రం ఫ్లోట్ హాయిగా 12.0 ఇస్తుంది.

జవాబు 3
ఉత్త :జీ పెట్టకండి. అది 6 అంకెలకే కుదిస్తుంది, 1234567 కాస్తా 1.23457ఈ+06 అవుతుంది. :.10జీ అనండి. 0.1 + 0.2 కొడితే వచ్చే 0.30000000000000004 కూడా 0.3గా కనబడుతుంది. కనబడటమే సుమా, లోపలి విలువ మారదు. డబ్బు లెక్కలైతే డెసిమల్ (దశాంశాలను ఉన్నదున్నట్టు ఉంచే రకం) వాడండి, దానికి ఇన్‌పుట్ స్ట్రింగ్‌నే నేరుగా ఇవ్వండి, ఫ్లోట్ మీదుగా కాదు.

అడిగినవారు
పనిచేసింది, థాంక్సండీ. ఘాతానికి ^ పెట్టాను, టైప్ఎర్రర్ వస్తోంది. సున్నాతో భాగిస్తే ప్రోగ్రామే ఆగిపోతోంది.

జవాబు 1
పైథాన్‌లో ^ అంటే బిట్ల ఎక్సార్ (రెండు సంఖ్యల బిట్లు వేరైన చోట 1 పెట్టేది), ఫ్లోట్‌లకు చెల్లదు. ఇంట్ ఉంచి ఉంటే 5 ^ 2 కి 7 వచ్చి ఇంకా తికమక పడేవారు. ఘాతానికి ** వాడాలి.

భాగహారం లైన్ ఒక్కదాన్నే ట్రైలో పెట్టి, ఎక్సెప్ట్ జీరోడివిజన్ఎర్రర్ అని పేరుతో పట్టుకోండి. పేరు లేని ఎక్సెప్ట్‌ను వైల్ లూప్‌లో పెడితే కంట్రోల్-సీని కూడా మింగేస్తుంది, ప్రోగ్రాం ఆపడానికి టెర్మినలే మూసేయాల్సి రావచ్చు.