అప్‌డేట్: బెత్నల్ గ్రీన్‌లో సగటు మరణ వయసు 16 ఏళ్లేనా?

లండన్ తూర్పున బెత్నల్ గ్రీన్‌లో కూలివాళ్ల సగటు మరణ వయసు 16 అని పేదల ఆరోగ్య పరిస్థితులపై బ్రిటిష్ అధికారి చాడ్విక్ 1842లో ఇచ్చిన నివేదికలో ఉంది, అదెలా అని మొన్న అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. మీరన్నట్టే, లెక్కను అంత కిందికి లాగింది పసిపిల్లల చావులే. తట్టు, కోరింత దగ్గు, స్కార్లెట్ జ్వరం, ఎండాకాలం విరేచనాలు. అప్పటి మరణ రిజిస్టర్లలో కారణం దగ్గర 'పళ్లు రావడం' అని కూడా రాసేవారట! పళ్లొస్తే బిడ్డ ప్రాణం పోతుందా? చాలాసార్లు చెడిపోయిన పాలో, మురికి నీళ్లో అయ్యుంటాయి. పెద్దయినవాళ్లను క్షయ పట్టుకునేది. అదే పేటలో కలిగినవాళ్ల సగటు మాత్రం 45. ఈ తేడా చూస్తే కడుపు తరుక్కుపోతోంది.

ఇప్పుడు అదే నివేదికలో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ గురించి చదువుతున్నాను. అక్కడ కూలివాళ్ల సగటు 15. దేశంలో మొదటి ఆరోగ్య వైద్యాధికారిగా డాక్టర్ డంకన్‌ను 1847లో నియమించుకున్నది ఆ ఊరే.