సున్నం వెయ్యని సౌధం?

మద్రాసు రాజాజీ సాలైలో ఉన్న పాత స్టేట్ బ్యాంకు ఫోటో నిన్న గ్రూపులో పెట్టి, కింద ‘ఎర్ర ఇటుకల సౌధం’ అని రాశాను. మైలాపూరు మాస్టారు వెంటనే, ‘సున్నం వెయ్యనిది సౌధం ఎలా అవుతుందమ్మా?’ అన్నారు. ఆటపట్టిస్తున్నారనుకున్నా. నిఘంటువు తీస్తే నిజమే! సంస్కృతంలో సుధ అంటే అమృతమే కాదు, గోడకు పూసే సున్నం కూడా. సుధ పూసింది సౌధం. ఈ బ్యాంకేమో బ్యాంక్ ఆఫ్ మద్రాసు కోసం నంబెరుమాళ్ చెట్టి కాంట్రాక్టు తీసుకుని కట్టింది, బయటంతా ఇటుక ఎరుపే. మరేమనాలి? ‘భవనం’ అంటే ఇంటిపన్ను నోటీసులా ఉంది.

— అసలైన సౌధం కావాలంటే రాజాజీ హాలు చూడమ్మా. 1802 నాటిది, గ్రీకు గుడి పోలికలో వరస స్తంభాలు. గ్రీకులకు పాలరాయి ఉంది, మద్రాసుకు ఎక్కడిది? ఇక్కడ ఇటుక స్తంభం కట్టి, పైన సున్నం పూసేవాళ్ళు. గవ్వలూ ఆల్చిప్పలూ కాల్చి, ఆ సున్నాన్ని వెన్నలా నూరి, పూత మీద పూత వేసి, నున్నటి రాయితో మెరుపు తేలేదాకా రుద్దడమే. దూరం నుంచి పాలరాయే అనిపిస్తుంది. దొరలు దాన్నే ‘మద్రాసు చునామ్’ అన్నారు. చునామైనా మన సున్నమైనా ‘చూర్ణం’ పిల్లలే. (సున్నతో కలపొద్దు, అది శూన్యం నుంచి వచ్చింది. బ్యాంకులో గిరాకీ దానికే.)

— మాస్టారూ, అంత పట్టుపడితే మా బెంగళూరు విధాన సౌధ పేరు మార్చాలి. అదంతా రాయే కదండీ! అయినా అమరకోశంలోనే సౌధమంటే రాజసదనం. సున్నం ఆనాడే రాలిపోయింది.

— మా తాత మేస్త్రీ. గానుగలో నూరిన డంగు సున్నం గోడ ఆరాక బొటనవేలి గోరుతో గీసేవాడు. గీత పడితే ఆ రోజు కూలివాళ్ళకు తిట్లే. సౌధం అనే మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. అంతస్తు లేస్తే చాలు, ‘మేడ’ అనేవాడు.

— మేడ! షావుకారుపేటలో మా అమ్మమ్మ కూడా ‘బ్యాంకు మేడ’ అనే అనేది. బెంగళూరు అన్నగారి వాదన ఒప్పుకుంటాను కానీ, ఫోటో కింద మాట మార్చేశాను: ‘ఎర్ర ఇటుకల బ్యాంకు మేడ’.

— సంతోషం. రాజాజీ హాలు ఫోటో తీసేటప్పుడు స్తంభాలు దగ్గరగా తియ్యి. ఇప్పుడు పూసింది సున్నమో, డబ్బా పెయింటో చూద్దాం.