టమాటా తొక్కల నుంచి లైకోపీన్ (టమాటాకు ఎరుపునిచ్చే పదార్థం) తీసి నిల్వ ఉంచడం ఎలా?

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె దగ్గర పల్లె. మా పొదుపు సంఘం ఆడవాళ్లం టమాటా గుజ్జు తీసి అమ్ముతాం. రోజూ బుట్టెడు తొక్కలు మిగులుతున్నాయి, పారబోయాలంటే ప్రాణం ఒప్పడం లేదు. గుజ్జులో కన్నా తొక్కలోనే లైకోపీన్ ఎక్కువని, అది నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుందని తెలిసింది. తొక్కలు నీడలో ఆరబెట్టి, పొడి కొట్టి, వేరుశనగ నూనెలో సన్నని సెగ మీద అరగంట ఉంచాను. నూనె చక్కగా నారింజ రంగు తిరిగింది. ఎంత సంతోషమేసిందో! గాజు సీసాలో పోసి కిటికీ పక్కన పెడితే వారానికే రంగు వెలిసి, పాత నూనె వాసన వచ్చేసింది.

ఇది వెలుతురు వల్లా, పొడిలో మిగిలిన తడి వల్లా? తొక్క సరిగ్గా ఆరిందని చేత్తో ఎలా గుర్తుపట్టాలి? హెక్సేన్ లాంటి, రంగును కరిగించి తీసే రసాయనాలు వాడను, ఇది పిల్లలు తినేది. చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.