నాన్నగారిని స్టేషన్‌కు రమ్మని ఫోన్ వచ్చింది, వెళ్లాలా?

ప్రశ్న:
నిన్న సాయంత్రం ఎస్‌ఐనంటూ ఒకాయన నాన్నగారికి ఫోన్ చేశారు. మా పక్కింటి అన్నదమ్ములు కొట్టుకుంటే కేసయింది. "మీరు చూశారట కదా, రేపు పదింటికి స్టేషన్‌కు రండి" అని పెట్టేశారు. నాన్నగారికి 64 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. రాత్రంతా నిద్రపోలేదు. వెళ్లకపోతే ఆయన మీదే కేసు రాస్తారేమోనని టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

మొదటి జవాబు:
వెళ్లక్కర్లేదండీ. మౌనంగా ఉండే హక్కు రాజ్యాంగంలోనే ఉంది. ఏమడిగినా నోరు విప్పొద్దని చెప్పండి.

రెండో జవాబు:
పైవారు మంచి మనసుతోనే చెప్పారు గానీ, ఆ సలహా మీ నాన్నగారికి పనికిరాదు. నేను క్రిమినల్ కేసులు చూసే లాయరుని. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆయన్ని సాక్షిగా పిలిచారా, నిందితుడిగానా? రెండింటికీ దారులు వేరు.

2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ (పోలీసు దర్యాప్తు, కోర్టు విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం) స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత నడుస్తోంది. సాక్షిని పిలవాలంటే దాని 179వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా ఆర్డర్ ఇవ్వాలి. అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది. 15 ఏళ్లలోపు పిల్లలు, 60 దాటినవారు, ఆడవాళ్లు, దివ్యాంగులు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారు స్టేషన్‌కు వెళ్లనక్కర్లేదు. పోలీసులే ఇంటికొచ్చి అడగాలి. మీ నాన్నగారికి వయసు ఒక్కటే చాలు. తనంతట తాను వెళ్తానంటే మాత్రం వెళ్లొచ్చు.

ఇక మౌనం సంగతి. సాక్షి అడిగినదానికి నిజం చెప్పాలి, అది 180వ సెక్షన్. తన మీదికే నేరం వచ్చేలా ఉన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పనవసరం లేదు. రాజ్యాంగం 20(3) అధికరణ కాపాడేది దాన్నే. పక్కింటి గొడవలో ఏం చూశారో చెప్పడానికి ఆయన భయపడాల్సిన పని లేదు. చూడనిది చూశానని చెప్పకుండా ఉంటే చాలు. "గుర్తులేదు", "నేను వచ్చేసరికే అయిపోయింది" కూడా నిజమైతే పూర్తి జవాబులే.

అదే నిందితుడిగా అయితే ఈ చట్టంలోనే 35(3) సెక్షన్ కింద నోటీసు వస్తుంది. దానికి తప్పకుండా వెళ్లాలి. వెళ్లకపోవడమే అరెస్టుకు కారణం కావచ్చు. పిలిచినప్పుడల్లా వెళ్తుంటే, కారణాలు రాసి పెట్టకుండా అరెస్టు చేయకూడదు. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది.

ముందుగా స్టేషన్ నంబరు విడిగా కనుక్కుని, ఆ ఫోన్ నిజంగా వాళ్లే చేశారా అడగండి. ఈ మధ్య "డిజిటల్ అరెస్ట్" అంటూ, అంటే ఫోన్‌లోనే అరెస్టు చేశామని బెదిరిస్తూ, పోలీసుల పేరుతో మోసగాళ్లు పెద్దవాళ్లకు కూడా ఫోన్లు చేస్తున్నారు. చట్టంలో అలాంటి అరెస్టే లేదు.

మళ్లీ ప్రశ్న:
చాలా థాంక్స్ సార్, సగం బరువు దిగింది. ఇంటికొచ్చి రాసుకున్నాక సంతకం పెట్టమంటే పెట్టాలా?

మూడో జవాబు:
వద్దు తమ్ముడూ, ఇది నేను అనుభవించి చెప్తున్నా. కొన్నేళ్ల క్రితం ఒక యాక్సిడెంట్ చూసినందుకు మా అన్నయ్యను పిలిచి, రెండు తెల్లకాగితాల మీద సంతకాలు చేయించుకున్నారు. మర్యాదగానే అడిగారు, అందుకే పెట్టేశాడు. కోర్టులో వాటి మీద ఏం రాసి ఉందో విన్నాక వాడి ముఖంలో రక్తం లేదు. ఎవరు ఎంత బాగా మాట్లాడినా ఖాళీ కాగితం మీద సంతకం చేయొద్దు.

రెండో జవాబు ఇచ్చినవారు:
వారి మాటకు చట్టం కూడా తోడుంది. పోలీసులకు చెప్పిన వాంగ్మూలం మీద చెప్పినవాళ్ల సంతకం తీసుకోకూడదని 181వ సెక్షన్ అంటుంది. రాసుకున్నది చదివి వినిపించమని అడగండి, తప్పు ఉంటే అక్కడే చెప్పండి. వచ్చినవారి పేరు, హోదా, టైము మీ డైరీలో రాసుకోండి.

ఇంకొక్క మాట, ఇది అందరి కోసం. ఒకవేళ ఎవరినైనా అరెస్టే చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు కబురు చేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి (ప్రయాణానికి పట్టే టైము కలపరు). విచారణ మధ్యలో లాయరును కలిసే హక్కు ఉంది, అయితే లాయరు మొత్తం సేపూ పక్కన కూర్చోవడం కుదరదు. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేయండి, అది ఉచిత న్యాయ సహాయం నంబరు.

ప్రశ్న అడిగినవారు:
ఇవాళ్టి సంగతి చెప్తున్నా. స్టేషన్‌కు ఫోన్ చేస్తే నిజమే, వాళ్లే పిలిచారట. నాన్నగారి వయసు చెప్పి, ఇంటికి రమ్మని మర్యాదగా అడిగాను. కాసేపు గొణిగి, మధ్యాహ్నం ఒక హెడ్ కానిస్టేబుల్‌ను పంపారు. నాన్నగారు చూసింది చూసినట్టు చెప్పారు. చివర్లో సంతకం అడిగితే "181 ప్రకారం అక్కర్లేదట కదండీ" అన్నాను. ఆయన ఏమీ అనలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నాన్నగారు ఇప్పుడు పడుకున్నారు.