పదేళ్లు దాటిన మాస్ట్ తీగలు: మార్చాలా, పరీక్షించి ఉంచుకోవాలా?

కొత్తకెరటం: కొత్త సీజన్‌కు తెరచాప పడవను సిద్ధం చేస్తున్నాను. మాస్ట్‌ను, అంటే తెరచాప కట్టే స్తంభాన్ని, నిలబెట్టే స్టెయిన్‌లెస్ ఉక్కు తీగలు వేసి పదేళ్లు దాటింది. చూడడానికి లోపమేమీ కనిపించడం లేదు. అన్నీ మార్చాలా, పరీక్షించి ఉంచుకోవచ్చా?

చుక్కాని: మార్చనక్కరలేదు. తీగ పొడవునా పాత గుడ్డతో నిమరండి; ఒక్క పోగు తెగి ఉన్నా గుడ్డ దానికి తగులుకుంటుంది. తీగ కొసన నొక్కి బిగించిన గొట్టాన్ని భూతద్దంతో చూసి, అనుమానం ఉన్నచోట చీలికల్లోకి ఇంకే రంగు పూసి, తుడిచి, పైన ఆ రంగును బయటికి లాగే తెల్లటి పొడి (డెవలపర్) చల్లితే సన్నటి చీలిక కూడా గీతలా బయటపడుతుంది. ఇదంతా మానేసి క్యాలెండరు చూసి తీగలు పారేయడాన్ని నేను జాగ్రత్త అనను.

లంగరు: చుక్కాని గారూ, గొట్టం లోపల ఏముందో మీ గుడ్డకు తెలియదు. స్టెయిన్‌లెస్ ఉక్కును కాపాడేది దాని మీది పలుచటి క్రోమియం ఆక్సైడ్ పొర. ఆ పొర నిలవాలంటే ఆక్సిజన్ అందాలి. దిగువ కొసన గొట్టంలోకి ఉప్పునీరు దిగి, గాలి ఆడని ఆ ఇరుకులో నిలిచిపోవడం వల్ల పొర చెడి, బయట మెరుస్తూనే లోపల తుప్పు తినేస్తుంది. తీగలను పడవకు పట్టి ఉంచే లోహపు పట్టీలు, డెక్ (పడవ పైతలం) గుండా దిగే చైన్‌ప్లేట్లదీ ఇదే తంతు. చాలా బీమా సంస్థలు పదేళ్ల హద్దు ఊరికే పెట్టలేదు.

వించ్‌పిడి: తీగల గొడవలో తాళ్లను మరవకండి. తెరచాప ఎత్తే తాడు మాస్ట్ పైకప్పీ మీద ఒకేచోట ఒరుస్తుంది కనుక, కొసలు తిరగేసి వేసుకుంటే మరికొంత కాలం వస్తుంది. ఉతకడానికి మంచినీళ్లు, కొద్దిగా సబ్బు చాలు, బ్లీచ్ వద్దు. తాళ్లను చుట్టి బిగించే వించ్ పళ్లచక్రాలకు గ్రీజు రాయండి. వెనక్కి తిరగకుండా ఆపే చిన్న ముక్కలకు మాత్రం నూనే వేయాలి, గ్రీజు రాస్తే అవి అతుక్కుపోతాయి.

చుక్కాని: బీమా సంస్థల మాట సాక్ష్యం కాదు. మాస్ట్ తీగలు బిగించే ఒక రిగ్గర్ నన్ను భయపెట్టి తీగలన్నీ మార్పించాడు. పాత గొట్టాలను రంపంతో నిలువునా కోసి చూశాను, లోపల ఒక్క మచ్చ లేదు. అదే మనిషి మాస్ట్ పైన షాకిల్ (U ఆకారపు లోహపు కొక్కెం) పిన్ను ఊడకుండా కట్టుతీగ చుట్టడం మానేశాడు.

లంగరు: మీకు జరిగింది అన్యాయమే. కానీ ఆ కోపంతో వేరొకరి తీగలకు తీర్పు చెబుతున్నారు. పైగా కోసి చూస్తేనే తెలిసిందని మీరే అంటున్నారు!

చుక్కాని: మాట మీరకండి. నా పడవ, నా ప్రాణం, నా నిర్ణయం.

లంగరు: మన తగువంతా ఇక్కడే ఉంది. మీతో ఎక్కేవారికి తీగ వయసు తెలియదు. మాస్ట్ కూలితే అది వారి మీద కూడా పడుతుంది.

చుక్కాని: నేను బయలుదేరే ముందే చెబుతాను, ఇష్టం లేనివారు రారు. అయినా తీరం కనబడే దూరంలో తిరిగే పడవకూ, మహాసముద్రం దాటే పడవకూ ఒకే గడువు పెట్టడం ఏం న్యాయం?

కొత్తకెరటం: నాతో పిల్లలు వస్తారు. ఇప్పుడే వెళ్లి చూశాను. ఎడమవైపు దిగువ గొట్టం మూతి దగ్గర, తుడిచినా మళ్లీ ఊరే గోధుమరంగు చార ఉంది.

చుక్కాని: ఆ తీగను వెంటనే మార్చండి.

లంగరు: కుడివైపు తీగదీ అదే వయసు.

చుక్కాని: నేను చెప్పింది ఎడమవైపు తీగ గురించి.