అప్‌డేట్: సిప్ ఆపలేదు, ఫీజు డబ్బును మాత్రం బయటికి తీశాను

2025 ఫిబ్రవరి నెలాఖరున, షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ వరుసగా ఐదో నెల కూడా నష్టపోయి 22,124 వద్ద ముగిసినప్పుడు, మిడ్‌క్యాప్ ఫండ్‌లో (మధ్యస్థాయి కంపెనీల షేర్లు కొనే మ్యూచువల్ ఫండ్) నెలకు 5,000 రూపాయల చొప్పున కడుతున్న సిప్‌ను, అంటే నెలవారీ వాయిదా పెట్టుబడిని, ఆపేయాలా అని మిమ్మల్ని అడిగాను. "ఆ డబ్బు మీకు ఎప్పుడు కావాలి?" అని ఒకరు తిరిగి అడిగారు. అన్ని సలహాలలోనూ నాకు ఎక్కువగా ఉపయోగపడింది ఆ ప్రశ్నే.

ఆ రాత్రి నేనూ మా ఆవిడా నోటు పుస్తకం ముందేసుకుని లెక్క చూసుకున్నాము. జూలైలో అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకు కావలసిన 1,40,000 రూపాయలు కూడా అదే ఫండ్‌లో ఉన్నాయి. అసలు పొరపాటు అక్కడే జరిగింది. ఎగ్జిట్ లోడ్ (ముందుగా అమ్మితే ఫండ్ కోసుకునే రుసుము) పడకుండా, కొని ఏడాది దాటిన యూనిట్లను (ఫండ్‌లో నా వాటాలను) మాత్రమే అమ్మి, ఆ మొత్తాన్ని బ్యాంకు డిపాజిట్‌లో వేశాను. మార్కెట్ పడకముందు, 2024 సెప్టెంబరు నాటి విలువతో పోలిస్తే తక్కువే చేతికి వచ్చినందుకు బాధ కలిగింది గానీ, ఫీజు దిగులు తీరింది.

పదేళ్ల దాకా అక్కరలేని సొమ్ము గనుక సిప్‌ను కొనసాగించాను. ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ ధర) 62.50 రూపాయలు ఉన్నప్పుడు సుమారు 80 యూనిట్లు తెచ్చిన 5,000 రూపాయలు, మార్చి వాయిదాలో 50 రూపాయల వద్ద 100 యూనిట్ల దాకా తెచ్చాయి. ఏప్రిల్ 7న నిఫ్టీ 21,743 వరకు జారిన రోజున కూడా వాయిదా ఆపాలనిపించలేదు. ఇప్పుడు ఆరు నెలల ఇంటి ఖర్చును రికరింగ్ డిపాజిట్‌లో కూడబెడుతున్నాను.