పిల్లలకు గుండె నిబ్బరం నేర్పడమంటే వాళ్ల మానాన వాళ్లను వదిలేయడమా?

ప్రశ్న: విశాఖపట్నం సీతమ్మధార నుంచి ఒక తండ్రి

సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయికి 16 ఏళ్లు. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. పదో తరగతి దాకా క్లాసులో మొదటి ముగ్గురిలో ఒకడిగా ఉంటూ వచ్చినవాడిని, కాలేజీలో చేరిన మూడు నెలలకే, వారాంతపు పరీక్షల్లో మార్కులు తగ్గాయని పై సెక్షను నుంచి కింది సెక్షనుకు మార్చారు. అది జరిగి ఐదు వారాలైంది. అప్పటి నుంచి అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పి గదిలోకి వెళ్లిపోతున్నాడు. ఆదివారం వీధి చివర ఆడుకునే క్రికెట్టుకు కూడా పోవడం లేదు. మొన్న రాత్రి వాళ్లమ్మతో ‘నా మీద డబ్బు దండగ చేస్తున్నారు’ అన్నాడట.

ఇంట్లో మేము రెండు పక్షాలుగా చీలిపోయాము. మా నాన్నగారేమో నాలుగు డక్కామొక్కీలు తింటేనే వాడు రాటుదేలతాడనీ, అతి గారాబంతో మేమే వాణ్ణి మెత్తగా తయారు చేశామనీ, మొక్కై వంగనిది ఇప్పుడు మానై వంగదనీ అంటున్నారు. నా భార్య మాత్రం ప్రిన్సిపాలును కలిసి ఎలాగైనా పాత సెక్షనులోకి మార్పించమని పట్టుబడుతోంది. నాకు రెండూ సగం సగమే సబబుగా తోస్తున్నాయి. కష్టాన్ని తట్టుకునే శక్తి పిల్లలకు ఎలా వస్తుంది? 16 ఏళ్ల వయసులో దానికోసం మేము చేయగలిగినది ఇంకా ఏమైనా ఉందా?

జవాబు 1: గాజువాక, విశ్రాంత ఉపాధ్యాయిని

బాబూ, 31 ఏళ్లు ప్రభుత్వ పాఠశాలలో పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను. మీ నాన్నగారి మాటలో కొంత నిజం ఉంది కానీ, కష్టం దానంతట అది ఎవరినీ గట్టిపరచగా నేను చూడలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిని ఊపేసిన తరువాత, బడి తెరిచాక పిల్లలను జాగ్రత్తగా గమనించే అవకాశం నాకు కలిగింది. అందరూ అదే గాలిని, అదే చీకటిని, అవే నీళ్లు లేని రోజులను చూసినవాళ్లే అయినా, కొందరు కాస్త గట్టిగా గాలి వీస్తే చాలు బెంచీ కింద దూరేవారు, మరికొందరు మాత్రం ఆ రోజుల గురించి కథలు కథలుగా చెప్పేవారు. ఆ రెండో రకం పిల్లలను కదిలిస్తే, దాదాపు అందరి మాటల్లోనూ ఒక పని వినబడేది: ట్యాంకరు దగ్గర బిందెతో వరుసలో నిలబడడం, మేడ మీది రేకులు ఏరడం, పక్కింటి మామ్మగారికి కొవ్వొత్తి ఇచ్చి రావడం. పెద్దవాళ్లు తమ వెంట ఉంచుకుని, తమతో సమానంగా పని చెప్పిన పిల్లలు వాళ్లు. ఇది శాస్త్రం కాదు, ఒక టీచరు చూసినది మాత్రమే.

కనుక మీవాడికి ఇంట్లో నిజమైన బాధ్యత ఒకటి అప్పగించండి. నిజమైనది అని ఎందుకు అంటున్నానంటే, వాడు చేయకపోతే మీరు వెనక నుంచి చేసేసే పని బాధ్యత కాదు. రైతుబజారులో వారానికి సరిపడా కూరలు తేవడమే కావచ్చు. పుచ్చు వంకాయలు తెస్తే ఆ పూట ఇంటిల్లిపాదీ పచ్చడి మెతుకులతో సరిపెట్టుకోవాలి, అంతే తప్ప మీరు వెళ్లి మళ్లీ కొనకూడదు, వాణ్ణి ఒక్క మాటా అనకూడదు. మీ నాన్నగారి సామెత గురించి ఒక చిన్న సందేహం: మనకు కావలసింది వంగే మొక్కా, విరగని మానా?

జవాబు 2: మధురవాడ, ఒక తల్లి

టీచరు గారి మాట మీద గౌరవంతోనే చెబుతున్నాను, పిల్లవాడు ఇప్పటికే కుంగి ఉన్నప్పుడు కొత్త బాధ్యత ఇస్తే దానిలోనూ ఓడిపోయానని అనుకునే ప్రమాదం ఉంది. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్సులో తప్పింది. అంతకుముందు దాని ఒంటికి ఏ దెబ్బా తగలకుండా నేనే చూసుకున్నాను: మరిచిపోయిన రికార్డు బుక్కును ఆఫీసుకు సెలవు పెట్టి మరీ అందించాను, స్నేహితురాలితో గొడవ పడితే ఆ పిల్ల తల్లికి ఫోన్ చేశాను. దాంతో ఫలితాలు వచ్చిన రోజున దానికి తెలిసిన ఉపాయం ఒక్కటే, నా ముఖం చూడడం. నా ముఖమేమో అంతకంటే వాడిపోయి ఉంది.

ఆదుకున్నది మా తమ్ముడు. రోజూ తెల్లవారుజామున, బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేసే వేళకు, మేనకోడలిని వెంటబెట్టుకుని నడకకు తీసుకువెళ్లేవాడు. మార్కుల ఊసు ఎత్తవద్దని వాడికి ఎవరూ చెప్పలేదు, వాడి స్వభావమే అంత. పడవల గురించీ చేపల ధరల గురించీ మాట్లాడేవాడట. పదిహేను రోజులు గడిచాక అదే నోరు తెరిచి, ఏ అధ్యాయాలు అసలు అర్థం కాలేదో మామయ్యకు చెప్పింది. సప్లిమెంటరీ పరీక్షకు ఫీజు అదే వెళ్లి కట్టింది. మీ ఇంట్లో అలాంటి మనిషి ఎవరో ముందు వెతకండి, అది మీరే కానవసరం లేదు.

జవాబు 3: కౌమార వయస్కులతో పనిచేసే కౌన్సెలర్

అన్నిటికంటే ముందు, ‘డబ్బు దండగ’ అన్న మాటను తేలికగా తీసుకోకండి. తాను ఇంటికి భారమని పిల్లవాడు అంటున్నప్పుడు, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని ప్రశాంతంగా, నేరుగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం చాలామంది తల్లిదండ్రులకు ఉంటుంది కానీ, అది నిజం కాదు. అడగడం వల్ల వాళ్లకు చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునన్నా, జవాబు దాటవేసినా ఒంటరిగా వదలకుండా ఆ రోజే మానసిక వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మనకు చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఆ ఆసుపత్రిని ఊళ్లో పిలిచే పేరు విని వెనకాడేవాళ్లను నేను రోజూ చూస్తున్నాను, అందుకే ఇంత సూటిగా రాస్తున్నాను.

ఇక మీ ప్రశ్న. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వ శాస్త్రవేత్త ఎమ్మీ వెర్నర్, ఆమె సహచరులు దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. పేదరికం, తల్లిదండ్రుల జబ్బులు, ఇంట్లో గొడవల వంటివి ఒకదాని మీద ఒకటి పేరుకున్న ఇళ్లలో పెరిగిన పిల్లల్లో సుమారు మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వారిలో తరచుగా కనిపించిన విషయం, తల్లిదండ్రులో, అమ్మమ్మో, టీచరో, ఎవరో ఒక పెద్దమనిషి నిలకడగా తోడు ఉండడం. మధురవాడ తల్లిగారి తమ్ముడు చేసినది సరిగ్గా అదే. మీకు ధైర్యం చెప్పే మరో సంగతి కూడా ఆ అధ్యయనంలోనే ఉంది: యుక్తవయసులో దారి తప్పినవాళ్లలో చాలామంది ముప్పైలు, నలభైలకు వచ్చేసరికి కోలుకున్నారు. కాబట్టి 16 ఏళ్లకే మాను ఎండిపోదు.

మీ అబ్బాయి విషయంలో నాకు తోచినది వేరొకటి ఉంది. పదేళ్లుగా ‘తెలివైనవాడు’ అనిపించుకున్న పిల్లలకు మొదటి ఓటమి మార్కులతో ఆగదు, తానెవరో అన్నదాని మీదే దెబ్బ వేస్తుంది. తెలివిని మెచ్చుకున్న పిల్లలు కష్టమైన పజిల్ ఎదురవగానే వెనక్కి తగ్గారనీ, శ్రమను మెచ్చుకున్న పిల్లలు దాన్ని పట్టుకుని ఉన్నారనీ 1998లో మనస్తత్వ శాస్త్రవేత్తలు మ్యూలర్, డ్వెక్ ప్రచురించిన ప్రయోగాలు చూపాయి. తరువాతి పరిశోధనల్లో ఈ తరహా ప్రభావం మొదట అనుకున్నంత పెద్దది కాదని తేలినా, మన ఇళ్లకు పనికివచ్చే సూచన అందులో ఉంది: మార్కుల సంగతి వదిలి, ఎక్కడ చిక్కుకున్నాడో, ఏ పద్ధతి మార్చి చూశాడో అడగండి. ఈ వయసువారికి రాత్రి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. ఉదయం ఐదింటికి స్టడీ అవర్ పెట్టే చోట అది ఎలా దొరుకుతుందో నాకు అర్థం కాదు.

కాలేజీ సంగతి. వీలైనంత వరకు మార్కులను బట్టి బ్యాచులుగా విడదీయవద్దనీ, 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థలు అర్హత గల కౌన్సెలరును నియమించాలనీ సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కేసు మన విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ మరణించిన ఒక విద్యార్థినికి సంబంధించినదే. కనుక అడిగే హక్కు మీకు ఉంది, కానీ వాడికి తెలియకుండా మాత్రం అడగకండి. వాడి తరఫున మీరు చక్కబెట్టిన సమస్య వాడికి రెండో ఓటమి అవుతుంది.

జవాబు 4: ఇంజనీరింగ్ రెండో సంవత్సరం విద్యార్థి

అంకుల్, నేనూ అలా సెక్షను మారినవాడినే. పెద్దవాళ్లందరూ నాది ర్యాంకు బాధ అనుకున్నారు. నిజానికి పక్క బెంచీ స్నేహితుడు దూరమయ్యాడు, మధ్యాహ్నం క్యారేజీ పంచుకునే నలుగురూ వేరే అంతస్తులో ఉండిపోయారు. కొత్త సెక్షనులో రెండు వారాలు ఒక్కణ్ణే తిన్నాను. అది ఎవరూ అడగలేదు కనుక నేనూ చెప్పలేదు.

అడిగిన తండ్రి, పది రోజుల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. కౌన్సెలరు గారు చెప్పిన ప్రశ్న అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది. చివరకు స్కూటరు మీద తీసుకువెళుతూ, ఒకరి ముఖం ఒకరికి కనబడదన్న ధైర్యంతో, మద్దిలపాలెం సిగ్నలు దగ్గర అడిగాను. చచ్చిపోవాలని లేదు నాన్నా, కాలేజీకి పోవాలని లేదు, అన్నాడు. అయినా ఈ శనివారానికి డాక్టరు గారి అపాయింటుమెంటు తీసుకున్నాము, వాడు సరే అన్నాడు.

క్యారేజీ సంగతి ఆ ఇంజనీరింగ్ బాబు రాసినట్టే ఉంది, అక్షరాలా. సెక్షను గురించి అడగనా అంటే వద్దన్నాడు; మధ్యాహ్నం పాత స్నేహితులతో కూర్చుని తినడానికి అనుమతి మాత్రం తానే లెక్చరరును అడుగుతానన్నాడు. అడిగాడో లేదో ఇంకా చెప్పలేదు, నేనూ అడగలేదు, వాళ్లమ్మను అడగనివ్వకుండా ఆపడమే కష్టంగా ఉంది. నిన్న మాత్రం క్యారేజీలో ఇద్దరికి సరిపడా పులిహోర పెట్టమన్నాడు.

రైతుబజారు పని మా నాన్నగారు తనతో పాటు వాడికి ఒప్పజెప్పారు. మొదటి వారమే బీరకాయలు చేదువి వచ్చాయి. తెచ్చినది ఎవరన్నదాని మీద తాతా మనవలకు ఇంకా తేలలేదు.